సాయంత్రం ఏడింటికి ఎక్కడ కూర్చోవాలి?

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక జిల్లా గ్రంథాలయంలో, డీఅడిక్షన్ వార్డు సోషల్ వర్కర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం. అక్కడక్కడా కుదించాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, గుమ్మం దగ్గర నిలబడినవాళ్లు వచ్చి కూర్చోండి. ఇక్కడ కూర్చుంటే మన గురించి ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. (నవ్వులు)

కరపత్రంలో నా అంశం "మద్యపానం - సమాజం" అని వేశారు. సమాజం సంగతి అధ్యక్షులవారికి వదిలేస్తున్నా. నేను చెప్పదలుచుకున్నది చాలా చిన్నది. తాగుడు మానేద్దామనుకున్న మనిషి, ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లిన మనిషి, ఆ సాయంత్రం ఏడింటికి ఎక్కడ కూర్చోవాలి? ఇంతే నా అంశం.

మా వార్డుకు మనుషులు ఎలా వస్తారో మీలో కొందరికి తెలుసు. చేతులు వణుకుతుంటాయి, గ్లాసుతో నీళ్లు తాగితే సగం చొక్కా మీద పడతాయి. కొందరు ఫిట్స్ వచ్చి అర్ధరాత్రి ఆటోలో వస్తారు. మూడు నాలుగు రోజులు నిద్ర ఉండదు. డాక్టర్లు బీ1 ఇంజెక్షన్లు ఇస్తారు, మత్తు మాత్రలు ఇచ్చి వాటిని రోజురోజుకూ తగ్గించుకుంటూ వస్తారు. పదో రోజుకల్లా అదే మనిషి గడ్డం గీయించుకుని, ఇంకో రెండు ఇడ్లీ పెట్టమని అడిగి మరీ తింటాడు. పక్క బెడ్ ఆయనకు నీతులు చెప్పడం కూడా మొదలుపెడతాడు. అప్పుడు భార్య నన్ను వరండాలోకి పిలిచి అడుగుతుంది: "ఇక మానేసినట్టేనా మేడం?"

ఆ అమ్మాయికి నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "డ్యూటీ అయ్యాక ఈయన ఇంటికి ఏ దారిన వస్తాడమ్మా?" అని. దారిలో వైన్స్ ఎక్కడుందో, అక్కడ ఎవరెవరు కలుస్తారో, ఎన్నింటికి ఇల్లు చేరతాడో ఆమె గడగడా చెప్పేస్తుంది. ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, ఏళ్ల తరబడి, ఆ మనిషి సాయంత్రం అక్కడే గడిచింది. అతని స్నేహాలు, వాళ్లు అప్పులిచ్చి పుచ్చుకునేది, నవ్వుకునేది, మేనేజర్ని తిట్టుకునేది అంతా ఆ రెండున్నర గంటల్లోనే. మేము పది రోజుల్లో ఒంట్లోంచి సారాయి తీసేశాం. మరి ఆ రెండున్నర గంటల్లో ఏం పెట్టాం? ఏమీ పెట్టలేదు. ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టాం. భార్య వంటింట్లోంచి అరగంటకోసారి తొంగి చూస్తుంటుంది, ఉన్నాడా, బయటికి జారుకున్నాడా అని. అతనికీ అది తెలుస్తూనే ఉంటుంది. ఎన్నాళ్లు కూర్చుంటాడండీ అలా?

ఇప్పుడు కార్తీకం. మాలలు వేసుకునే రోజులు. ఇక్కడే నల్ల బట్టల్లో ఇద్దరు ముగ్గురు స్వాములు కనిపిస్తున్నారు. అయ్యప్ప మాల వేసుకుంటే మండలం రోజులు, అంటే 41 రోజులు, చుక్క ముట్టరు. రోజూ తాగేవాళ్లు కూడా ముట్టరు. అది చూసి ఇంట్లోవాళ్లు ఏమంటారు? "చూశారా, మానాలనుకుంటే మానగలడు. పట్టుదల లేదంతే" అంటారు. మాల తీశాక వారంలో మళ్లీ మొదలుపెడితే, మోసం చేశాడంటారు. నేను ఈ విషయాన్ని ఇంకోలా చూస్తాను. ఆ 41 రోజులూ అతని సాయంత్రాలు ఎలా గడిచాయో గమనించారా? చల్లనీళ్ల స్నానం, సన్నిధానంలో భజన, ఒకరింట్లో పడిపూజ, ఇంకొకరింట్లో భిక్ష. చుట్టూ తనలాంటివాళ్లే, అందరూ ఒకరినొకరు "స్వామీ" అని పిలుచుకునేవాళ్లే. రాత్రి చాప మీద పడుకునేదాకా ఒంటరిగా ఉన్న క్షణమే లేదు. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసిన మర్నాడు ఆ గుంపు ఎవరి దారిన వాళ్లు పోతారు. సాయంత్రం ఆరున్నరకు మనిషి మళ్లీ రోడ్డు మీద ఒక్కడే మిగులుతాడు. అందుకే పట్టుదల లేదన్న మాట నేను ఒప్పుకోను. 41 రోజులు ఉన్న పట్టుదల 42వ రోజున ఎక్కడికి పోతుంది?

మాల సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. నిద్ర లేవగానే తాగేవాళ్లు, తాగకపోతే చేతులు వణికేవాళ్లు, మాల కోసమైనా సరే, భార్య మీద ఒట్టు వేసినా సరే, డాక్టరుకు చూపించుకోకుండా ఉన్నట్టుండి ఆపకూడదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజో నాలుగో రోజో గోడ మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో పిలుస్తున్నారని అనడం మొదలవుతుంది. ఒళ్లు కాలిపోతుంది. అది పూనకమూ కాదు, చేతబడీ కాదు. ప్రాణం పోయే స్థితి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. తెలంగాణ వైపు అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ముందు వైద్యం, మీటింగు తర్వాత. ఈ వరస తప్పకండి.

మీటింగు అన్నాను కదా, అదేమిటో చెబుతాను. ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఏఏ అంటారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, ఏక్రన్ అనే ఊరు, 1935 మే నెల. న్యూయార్క్ షేర్ మార్కెట్లో పనిచేసే బిల్ విల్సన్ అనే ఆయన వ్యాపారం పనిమీద ఆ ఊరు వచ్చాడు. తాగుడు మానేసి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. వచ్చిన పని చెడిపోయింది. చేతిలో డబ్బు లేదు, ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. శనివారం సాయంత్రం మేఫ్లవర్ హోటల్ లాబీలో పచార్లు చేస్తున్నాడు. ఒక పక్క బారు, లోపలి నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఇంకో పక్క టెలిఫోను, దాని దగ్గర ఊళ్లో చర్చిల జాబితా. ఆయన ఫోను దగ్గరికి వెళ్లాడు. వరసపెట్టి ఫోన్లు చేసి అడిగింది ఒక్కటే: ఈ ఊళ్లో తాగుడు మానలేక అవస్థపడుతున్న మనిషి ఎవరైనా ఉన్నారా, నేను అతనితో మాట్లాడాలి.

చూడండి, తనను ఓదార్చేవాళ్ల కోసం వెతకలేదాయన. తనలాంటి ఇంకొక తాగుబోతు కోసం వెతికాడు. మర్నాడు, మదర్స్ డే నాడు, డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌ను కలిపించారు. ఆ డాక్టరుగారు పావుగంట కంటే కూర్చోనని భార్యకు ముందే చెప్పి మరీ వచ్చాడు. సాయంత్రం అయిదింటికి కూర్చున్నవాళ్లు రాత్రి పదకొండు దాటాక లేచారు. జూన్ 10న డాక్టర్ బాబ్ ఆఖరిసారి తాగాడు. ఆ తేదీనే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు. మన దేశానికి ఇది 1957లో వచ్చింది.

ఇక మీటింగు లోపల ఏం జరుగుతుంది? నాకు తాగుడు జబ్బు లేదు కాబట్టి నేను ఓపెన్ మీటింగులకే వెళ్లగలను. క్లోజ్డ్ మీటింగులు మానాలనుకునేవాళ్ల కోసమే. అక్కడికి డాక్టర్ అయినా కలెక్టర్ అయినా, తాగుడు సమస్య ఉంటేనే రానిస్తారు. నేను చూసిన ఒక గది ఇలా ఉంది. ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి గది. గోడకు ఎక్కాల చార్టు. చిన్నపిల్లల బెంచీలు, పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు పట్టవు, అందుకని పక్కకు తిప్పుకుని కూర్చుంటారు. టీచర్ బల్ల మీద స్టీలు ఫ్లాస్కులో టీ, పేపరు కప్పులు, ఒక బిస్కెట్ ప్యాకెట్. ఆ రోజు మీటింగు నడిపే సభ్యుడు ప్రవేశిక చదువుతాడు. సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటేనని, రుసుము ఏమీ లేదని, ఏ మతానికీ పార్టీకీ సంబంధం లేదని అందులో ఉంటుంది. తర్వాత ఒక్కొక్కరు పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి అయిదారు నిమిషాలు మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు. "నువ్వలా చేసి ఉండకూడదు" అనేవాళ్లు ఉండరు. సలహాలు ఉండవు. సలహా ఇవ్వకుండా అయిదు నిమిషాలు వినే మనుషులు మన ఊళ్లో ఇంకెక్కడైనా ఉన్నారా, మీరే చెప్పండి. (నవ్వులు)

చివర్లో ఒక గుడ్డ సంచీ చేతులు మారుతుంది. పదో ఇరవయ్యో వేస్తారు. అద్దెకీ టీకీ అదే ఆధారం. బయటివాళ్లు చందా ఇస్తామన్నా పుచ్చుకోరు. నేనొకసారి వంద తీసి వేయబోతే పక్కనాయన నా చెయ్యి పట్టుకుని ఆపి, "మీరు టీ తాగండి మేడం, చాలు" అన్నాడు. ఈ నియమం నాకు బాగా నచ్చింది. ఏఏ పేరు చెప్పి ఎవరైనా మీ దగ్గర ప్యాకేజీ అని, నెలకు ఇంత అని డబ్బు అడిగితే, అది ఏఏ కాదని మీకు అక్కడే తెలిసిపోవాలి. ప్రైవేటు రీహాబ్ సెంటర్లు వేరు. వాటిలో మంచివి ఉన్నాయి, మనిషిని ఇంట్లోంచి కాళ్లూ చేతులూ పట్టి ఎత్తుకెళ్లేవీ ఉన్నాయి. చేర్పించేముందు మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. కాగితం చూపించమనండి.

సరే, ఎలా వెతుక్కోవాలి? ఏఏకి ఇండియా వెబ్‌సైటు ఉంది, హెల్ప్‌లైన్ నంబర్లు ఉన్నాయి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం లాంటి చోట్ల గ్రూపులు ఉన్నాయి. అక్కడ ఇచ్చిన చిరునామా చూసుకుని నేరుగా వెళ్లిపోకండి, ముందు ఫోన్ చేయండి. స్కూలు గదులు, చర్చి గదులు ఇస్తారు వీళ్లకు. పరీక్షలు వచ్చినా పండగ వచ్చినా గది మారుతుంది, వేళ మారుతుంది. మొదటిసారి ధైర్యం చేసి వెళ్లిన మనిషికి తాళం వేసిన గేటు ఎదురైతే, రెండోసారి వెళ్తాడా? వెళ్లడు. తిరుగు దారిలో వైన్స్ ఉండనే ఉంది.

మా వార్డులో నేను ఏం చేస్తానంటే, డిశ్చార్జికి ముందే పేషెంటు చేత ఆ ఫోన్ చేయిస్తాను. నేను చేయను, భార్య చేత కూడా చేయించను. మెట్ల దగ్గర నిలబడి అతనే చేయాలి. ఒక లారీ డ్రైవరు చేసిన ఫోను చెబుతాను. ఆయన అనుమతి తీసుకునే చెబుతున్నా. స్పీకరు పెట్టాడు. అవతల ఎత్తింది ఆఫీసు గుమాస్తా కాదు, ఒక సభ్యుడే. "ఈ రోజు తాగారా అన్నా?" అని అడిగాడు. "లేదండీ, ఆస్పత్రిలో ఉన్నా." "మంచిది. ఎటువైపు ఉంటారు?" పేట చెప్పాడు. "మంగళవారం ఏడింటికి స్కూలు గేటు దగ్గర నీలం స్కూటీ ఉంటుంది. దాని పక్కన నేనుంటా. మీరేం మాట్లాడక్కర్లేదు, వచ్చి కూర్చోండి." ఫోన్ పెట్టేశాడు. ఆధార్ అడగలేదు, ఇంటిపేరు అడగలేదు, కులం అసలే అడగలేదు. ఆ డ్రైవరు ఫోను జేబులో పెట్టుకుంటూ "నన్ను అన్నా అన్నాడు మేడం" అన్నాడు. అప్పటిదాకా ఆస్పత్రిలో అందరం "ఏరా, ఎన్ని తాగావు" అనే అడిగాం కదా!

ఫోన్లో మీరు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మీటింగు ఏ భాషలో? తెలుగా, ఇంగ్లిషా, హిందీనా? తెలుగు మాత్రమే వచ్చినవాణ్ణి ఇంగ్లిష్ మీటింగులో కూర్చోబెడితే టీ తాగి వచ్చేస్తాడు. ఓపెనా, క్లోజ్డా? గుర్తు ఏమిటి, గేటు దగ్గర ఎవరుంటారు? అంతే. వెళ్లాక ఏం చేయాలంటే, మీ వంతు వచ్చినప్పుడు "ఈ రోజు వింటాను" అంటే సరిపోతుంది, ఎవరూ బలవంతం చేయరు. కానీ ఒకటి గట్టిగా చెబుతాను. ముగియగానే చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని పారిపోకండి. అసలు మాటలు అప్పుడే జరుగుతాయి, స్కూటర్ల దగ్గర నిలబడి. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకునేది అప్పుడే. గుటకేయాలని ప్రాణం లాగేస్తున్నప్పుడు, పెగ్గు పోసుకునేముందు ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉండాలి. తర్వాత తర్వాత వాళ్లలోంచే ఒకరిని స్పాన్సరుగా పెట్టుకుంటారు. డబ్బు స్పాన్సరు కాదు లెండి, ముందు నడిచినవాడు వెనక వచ్చేవాడికి దారి చూపించడం.

ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి. ఒకచోట అందరూ రిటైరైనవాళ్లే ఉంటారు, పాతికేళ్ల కుర్రాడికి అక్కడ ఊపిరాడదు. ఇంకోచోట ఒకాయన మైకు దొరికినట్టు మాట్లాడుతూనే ఉంటాడు. మనుషులు కదా. ఒక్క మీటింగు చూసి "ఇది మనకు పడదు" అనేయకుండా ఆరేడు చూసి అప్పుడు చెప్పండి. కొత్తవాళ్లకు పాతవాళ్లు "90 రోజుల్లో 90 మీటింగులు" అంటారు. మన జిల్లాలో వారానికి రెండో మూడో ఉంటాయి, రోజూ ఎక్కడి నుంచి వస్తాయి? మిగతా రోజులకు ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి. కరోనా కాలంలో బాగా పెరిగాయి. వీడియో ఆపేసి, పేరు మార్చి కూడా కూర్చోవచ్చు. అమెరికాలో మన పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నా, అక్కడ ఒక్కో ఊళ్లో రోజుకు చాలా మీటింగులు ఉంటాయి, దగ్గర్లో ఎక్కడుందో చూపించే "మీటింగ్ గైడ్" అనే యాప్ ఉంది. తాగి కారు నడిపి పట్టుబడ్డవాళ్లను అక్కడి కోర్టులు కూడా మీటింగులకు పంపిస్తుంటాయి, చీటీ మీద సంతకం పెట్టించుకుని రమ్మని. అయినా తెలుగులో మాట్లాడితేగానీ గుండె బరువు దిగనివాళ్లు ఉంటారు. ఇక్కడ సాయంత్రం ఏడంటే ఈ నెలలో న్యూజెర్సీలో పొద్దున్న ఎనిమిదిన్నర. ఆఫీసుకు వెళ్లేముందు ఇక్కడి ఆన్‌లైన్ మీటింగులో కూర్చోవచ్చు.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు మగవాళ్లలో 27.3 శాతం, ఆడవాళ్లలో 1.6 శాతం. శాతం చిన్నదే, కానీ ఆ కొద్దిమంది గదిలోకి వచ్చి పది మంది మగవాళ్ల మధ్య కూర్చోవడం మన ఊళ్లలో ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు. వాళ్లకు నేను ముందు ఆన్‌లైన్ మీటింగే చెబుతాను. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. తాగుడుకు బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. తక్కిన 37 మందీ ఎక్కడున్నారు? మన వీధుల్లోనే ఉన్నారు.

పనిచేస్తుందా అని అడిగేవాళ్లున్నారు. అడగాలి కూడా. వైద్య పరిశోధనలను కూడగట్టి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ 2020లో ఒక పెద్ద సమీక్ష వేసింది. 27 అధ్యయనాలు, 10,565 మంది. ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు, ఏఏకి అలవాటు చేసే పద్ధతిలో వందకు 42 మంది, కౌన్సెలింగ్ లాంటి ఇతర పద్ధతుల్లో 35 మంది. అంటే మిగతావాటి కంటే తక్కువ కాదు, కొంచెం మెరుగే, ఖర్చు మాత్రం టీ ఖర్చు. అదే సమయంలో, వందలో 58 మంది ఎప్పుడో ఒకసారి మళ్లీ తాగారు అని కూడా అందులోనే ఉంది. మహత్తులేమీ లేవు. ఏఏ మాటల్లో దేవుడి ప్రస్తావన వస్తుంది. అది గిట్టనివాళ్లకు స్మార్ట్ రికవరీ అని ఇంకో పద్ధతి ఉంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నిజానికి ఏఏలో కూడా "మనకు అర్థమైన రీతిలో దేవుడు" అనే అంటారు. మా దగ్గరికి వచ్చిన ఒక హేతువాది ఆ మాట పట్టుకుని వాదనకు దిగితే, ఒక పాత సభ్యుడు "నాకు దేవుడు ఈ గుంపే సార్, మీక్కూడా అదే పెట్టుకోండి" అన్నాడు. ఆయన ఇప్పటికీ వెళ్తున్నాడు, ఇప్పటికీ వాదిస్తున్నాడు. (నవ్వులు)

ఇంట్లోవాళ్లకు రెండు మాటలు. గోడల మీద, బస్టాండ్లలో రాసి ఉంటుంది చూశారా, "తాగేవారికి తెలియకుండా మాన్పించబడును" అని. ఆ పొడులు కొని సాంబారులో కలపకండి. వాటిలో ఏముందో మీకు తెలియదు. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటి ఉంది, అది వేసుకున్నాక తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. మనిషి పోవచ్చు కూడా. అందుకే ఆ మాత్ర పేషెంటుకు చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తారు డాక్టర్లు. తెలియకుండా పెట్టడం వైద్యం కాదు.

మీకంటూ ఒక మీటింగు ఉంది, ఆల్-అనాన్ అంటారు. బిల్ విల్సన్ భార్య లోయిస్, ఇంకొకావిడ కలిసి 1951లో మొదలుపెట్టారు. తాగేవాళ్ల భార్యలు, తల్లులు, పిల్లలు కూర్చునే చోటు. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్లొచ్చు. మన దేశంలో చూస్తే, భర్త తాగుడుతోనే చనిపోతే శాంతి రంగనాథన్‌గారు చెన్నైలో 1980లో చికిత్సా కేంద్రం పెట్టారు. అక్కడ మొదటినుంచీ కుటుంబాలకు వేరే కార్యక్రమం ఉంది. ఇంకా దగ్గరికి రండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం ఎక్కడ రాజుకుంది? అక్షరాస్యత తరగతుల్లో. పలక పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు పాఠం మధ్యలో ఒకరి ఇంటి సంగతి ఒకరికి చెప్పుకున్నారు. అందరి ఇంట్లో ఒకటే కథ అని అప్పుడు తెలిసింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలించారు. చట్టం వచ్చింది, పోయింది. దాని మీద నాకూ అభిప్రాయాలు ఉన్నాయి గానీ, ఈ సభలో రాజకీయాలు వద్దన్నారు. ఆ తరగతిలో కూర్చున్న ఆడవాళ్లకు దొరికిన ఊరట మాత్రం ఏ ప్రభుత్వమూ ఇచ్చింది కాదు. అలాంటి గది మళ్లీ కావాలి. గ్రంథాలయం పెద్దలు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడిగేస్తున్నాను: వారానికి ఒక సాయంత్రం వెనక గది ఇవ్వగలరా? అద్దె వాళ్లే కట్టుకుంటారు, ఉచితంగా ఇస్తామన్నా ఒప్పుకోరు. (చప్పట్లు)

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక యువకుడు: అక్కడ అందరూ తాగుడు గురించే మాట్లాడుకుంటే ఇంకా తాగాలనిపించదా మేడం?)

మంచి ప్రశ్న బాబూ. బారులో కూడా తాగుడు గురించే మాట్లాడుకుంటారు, కానీ మొదటి పెగ్గు దాకానే. ఇక్కడ ఆఖరి పెగ్గు తర్వాత ఏం జరిగిందో చెబుతారు. కూతురి స్కూల్ ఫీజు ఏమైందో, పెళ్లిలో వియ్యంకుడి ముందు ఎలా పడిపోయాడో. అది వింటే నోరూరదు.

(వెనక నుంచి ఒక మహిళ: మా ఆయన రానంటున్నాడు. నేను తాగుబోతునా అంటాడు.)

ఆయన ఏ పని చేస్తాడమ్మా? ...మిల్లులోనా. తాగుబోతు అని పేరు పెట్టి పిలవకండి, పంచాయితీ పెట్టకండి. తాగినప్పుడు అసలు ఆ మాటే ఎత్తకండి. పొద్దున్న తల పట్టుకుని కూర్చున్నప్పుడు, "ఒక్కసారి వెళ్లి విను, నీకు సంబంధం లేదనిపిస్తే వచ్చెయ్" అని ఒక్క ముక్క అని వదిలేయండి. ఈలోగా మీరు ఫోన్ చేయండి. 14416 టెలీ మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్. రెండూ ఉచితమే. ఆయన చెయ్యెత్తుతున్నాడా? ...సరే, అది ఇక్కడ వద్దు, సభ అయ్యాక నన్ను కలవండి.

(ఒక పెద్దాయన: మా అబ్బాయి నాలుగు నెలలు వెళ్లాడు. దసరాకి మళ్లీ తాగాడు. ఇప్పుడు సిగ్గేసి వెళ్లట్లేదు.)

పంపండి బాబాయిగారూ. ఆ గదిలో అలా తిరిగొచ్చినవాళ్లే ఎక్కువ. తాగి ఉన్నా సరే, గొడవ చేయకుండా వెనక కూర్చుంటే రానిస్తారు. ఆ రోజు తాగి వచ్చినవాళ్లను చాలా గ్రూపుల్లో మాట్లాడనివ్వరు, విని వెళ్లమంటారు, అంతే. టీ మాత్రం ఇస్తారు. ఈ రోజు ఏ వారం? గురువారం కదా. శనివారం మీటింగు ఉంది. మీరు కూడా వస్తానంటే అది ఓపెనో కాదో నేను కనుక్కుని చెబుతాను, నా నంబరు రాసుకోండి.